ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడి సొమ్ము

తెల్లవారుజాముకు గాలి తగ్గింది. అల తగ్గలేదు.

పాలెంలో మొదట బయటికొచ్చింది ఒక ముసలమ్మ. రాత్రంతా కప్పు ఎగిరిపోకుండా నిట్టాడికి కట్టిన తాడు పట్టుకుని కూర్చుంది. నిద్రపోయి లేచిన మనిషి కాదు. ఇసక దిబ్బెక్కి చూస్తే అలల అంచున నల్లగా ఏదో పడి ఉంది. పెద్ద చేప అనుకుంది. దగ్గరికెళితే గుర్రం. కడుపు ఉబ్బి, కాళ్ళు సముద్రం వైపు చాచి ఉంది. మెడలో పట్టుతాడు ఇంకా తెగలేదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ అలాంటి గుర్రం కట్టేసే గుమ్మం లేదు.

కాస్త ముందుకి పోతే విరిగిన కొయ్య, దానికి చుట్టుకుపోయిన చాప, చీలిన పలకలు, నానిన మూటలు. ఒక పలక మీద మనిషి. రెండు చేతులతో పలకను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, బతికున్నాడని తెలిశాక కూడా ఆ వేళ్ళు విడదీయడానికి ఇద్దరు కావలసివచ్చారు. ముసలమ్మ జొన్నంబలి తెచ్చి పోసింది. అతను ఏదో అన్నాడు. ఆ భాష పాలెంలో ఎవరికీ రాదు. ఆకలి అర్థం కావడానికి భాష ఎందుకు గనక!

పొద్దెక్కేసరికి సుంకరి వచ్చాడు. వెంట నలుగురు మనుషులు, తాటాకు, గంటం. ఒడ్డున పడినవన్నీ ఒకచోట పోగేయించాడు. గంధపు చెక్కలు, నీళ్ళు కారుతున్న పెట్టె, అందులో కర్పూరం, చిన్న సంచిలో పగడాలు.

"ఎవరిదిరా ఈ సొమ్ము?"

"అదుగో, ఆయనదంట బాబయ్యా," అన్నాడు పాలెం పెద్ద.

"ఆయన ఓడ ఏదీ?"

పెద్ద సముద్రం వైపు చూపించాడు.

"ఓడే లేనప్పుడు ఓడసొమ్ము ఎక్కడిది? సముద్రం ఇచ్చింది, రాజుగారు పుచ్చుకుంటారు. నడుమ ఈయనెవరు?"

సుంకరి దుర్మార్గుడేం కాదు. వాళ్ళ నాయన కూడా ఇదే పని చేశాడు, ఇదే మాట అన్నాడు. పరదేశి లేచి నిలబడ్డాడు. పెట్టెను చూపించాడు, తన గుండెను చూపించాడు, మళ్ళీ పెట్టెను చూపించాడు. గంటం మాత్రం ఆకు మీద గీరుతూనే ఉంది.

ముసలమ్మ ఉండబట్టలేకపోయింది. "ఆ పానం గూడా ఒడ్డుకే కొట్టుకొచ్చింది గదయ్యా. అదీ రాజుగారిదేనా?"

ఆ మాట ఆకుమీదికి ఎక్కలేదు.

*

ఆ ముసలమ్మ, ఆ సుంకరి, పట్టుతాడు తెగని ఆ గుర్రం ఏ రాతి మీదా లేరు. వాళ్ళని కూర్చింది నేను. అయితే నేను కూర్చనిది ఒకటుంది. గాలివానకు పగిలి ఒడ్డున పడ్డ ఓడలో ఉన్నదంతా, బంగారం కానీ ఏనుగులు కానీ గుర్రాలు కానీ రత్నాలు కానీ, ఆ తీరాన్ని ఏలే రాజులు బలవంతంగా లాక్కునేవారు. ఈ సంగతి కథకుడు చెప్పింది కాదు, వాళ్ళ తరవాత వచ్చిన ఒక రాజే రాతి మీద ఒప్పుకున్నాడు. 'పూర్వపు రాజులు' అన్న ఆ ఒక్క మాట వెనక ఇలాంటి తెల్లవారుజాములు ఎన్ని ఉన్నాయో!

ఆ రాయి ఉన్న ఊరు మోటుపల్లి. గుంటూరు వాళ్ళం పొన్నూరు, బాపట్ల, చీరాల మీదుగా చినగంజాం చేరితే అక్కడికి దగ్గర. 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. నేను వెళ్ళింది 2024 నవంబరు 15న, కార్తీక పౌర్ణమి రోజు.

ఆ రోజే ఎందుకంటే, మెరకవాళ్ళకీ సముద్రానికీ ఉన్న చుట్టరికం ఆ రోజే కదా తెలిసేది. మిగిలిన ఏడాదంతా మాకు సముద్రంతో పనిలేదు. మా లోకం నల్లరేగడి. జులైలో పత్తి గింజ, ఆ తరవాత మిరప నారు, వాన పడితే ఏడుపు, పడకపోతే ఏడుపు. కార్తీక పౌర్ణమికీ మాఘ పౌర్ణమికీ మాత్రం సముద్రం గుర్తొస్తుంది. మా తాతల కాలంలో ముందురోజు రాత్రే ఎద్దుబండ్లు కట్టేవారు. గూడుబండ్లో ఆడవాళ్ళు, పిల్లలు, పులిహోర గంప, అరటి దొప్పలు, ఒత్తులు. ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు. సూర్యలంక, ఓడరేవు, రామాపురం ఒడ్లు ఆ ఒక్క ఉదయం తిరనాళ్ళే.

అక్కడ గమనించాల్సింది భక్తుల్ని కాదు, వాళ్ళకి అవతల నడుంలోతు నీళ్ళలో నిలబడి ఉండే పల్లెకారుల కుర్రాళ్ళని. పోలీసులు తాడు కట్టి, వీళ్ళని కాపలా పెడతారు. గజ ఈతగాళ్ళని పేపర్లో రాస్తాం. మెట్టపైరు చేసే మనిషి కుంటలో ఈతే ఈత అనుకుని దిగుతాడు. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసకను లాగేస్తుందని అతనికి తెలీదు. కుర్రాడు జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తాడు. బయటపడ్డ పెద్దమనిషి ముందు తడిమి చూసుకునేది మెళ్ళో గొలుసు. రామాపురంలో కళ్ళారా చూశాను. గొలుసు ఉంది. కుర్రాడు అప్పటికే తాడు దగ్గరికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి చినగంజాం దాటాను. దారికి అటూ ఇటూ ఉప్పుమళ్ళు, మళ్ళగట్ల మీద తెల్లగా పోగులు. తరవాత సరుగుడు తోపులు, ఇసక నేల. పౌర్ణమి జనం ఇంతదూరం రారు. ఇక్కడో రేవుండేదని, చీనా సరుకు దిగేదని, ఆటో నడిపిన అబ్బాయికి నేను చెబితే నవ్వాడు. "ఇక్కడా సార్? ఇక్కడ బస్సే సరిగ్గా దిగదు."

*

వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీద ఉంది ఆ శాసనం. మొదట సంస్కృతం, తరవాత తెలుగు. సూర్యవంశం నుంచి ఎత్తుకుని కాకతి వంశాన్ని దింపుకుంటూ వచ్చి, గణపతిదేవ మహారాజు దగ్గర ఆగుతుంది. కాలం క్రోధి సంవత్సరం, అంటే మన లెక్కలో 1244-45.

క్రోధి! నేను ఆ స్తంభం ముందు నిలబడిన ఏడాది కూడా క్రోధే. 60 ఏళ్ళ చక్రం సరిగ్గా 13 సార్లు తిరిగి అక్కడికే వచ్చింది. ఈ లెక్క ముందే వేసుకుని వెళ్ళానని చెబితే గొప్పగా ఉండేది గానీ, నిజానికి పూజారి సంకల్పం చెబుతుంటే తట్టింది.

గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. ఓరుగల్లుకు సముద్రం లేదు. కృష్ణ ముఖద్వారంలో దివిసీమనూ, ఈ తీరాన్నీ గెలిచిన తరవాతే కాకతీయులకు రేవు దక్కింది. గెలిచిన రేవుతో రాజు ఏం చేస్తాడు? మామూలుగా అయితే తన సుంకరిని పెడతాడు, పాత సుంకరిని పంపేస్తాడు. ఈయన ఇంకో పని చేశాడు.

శాసనంలోని మాటల సారం ఇది. అన్ని దిక్కుల నుంచీ, దీవుల నుంచీ, పరదేశాల నుంచీ, పట్టణాల నుంచీ వచ్చిపోయే ఓడవర్తకులకు అభయం ఇస్తున్నాం. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరి, గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డున పడిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారు. ప్రాణం కన్నా ధనం మిన్న అనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చినవాళ్ళు వీళ్ళు. దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ మేము కౢప్తశుల్కం, అంటే ముందే తీర్మానించిన సుంకం, అది తప్ప తక్కినదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం.

ఆ వర్తకుణ్ణి శాసనం పొగడలేదు చూడండి. ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకునే మనిషి అంది. రాయించినవాడికి వర్తకుడి ఆశ తెలుసు, ఆ ఆశ మీద కాస్త నవ్వూ ఉంది. అయినా వాడి సొమ్ము వాడిదే అన్నాడు. మంచివాడని చెప్పి జాలిపడ్డం తేలిక. వీడు డబ్బు మనిషి అని తెలిసీ న్యాయం చెయ్యడం అంత తేలిక కాదు.

దయ, కీర్తి, ధర్మం సరే. నాలుగోది రాజు రాయించలేదు, మనం చదువుకోవాలి. ఓడ నడిపేవాడికి రేవుల పేర్లన్నీ తెలుసు, ఏ రేవులో ఏం చేస్తారో కూడా తెలుసు. ఫలానా చోట గాలికి కొట్టుకుపోతే బతికినా దివాలానే అని తెలిస్తే చుక్కాని అటు తిప్పడు. ఓరుగల్లు కోటకు గుర్రాలు కావాలి, కర్పూరం కావాలి, పట్టునూలు కావాలి. ఒక్క పగిలిన ఓడను దోచుకుంటే ఆ ఒక్కరోజు లాభం. పగలని వంద ఓడలు రావడం మొదలైతే ఏడాదంతా సుంకం. ఎగుమతికీ దిగుమతికీ సుంకం ముప్పయ్యింట ఒకటి అని తేల్చి చెప్పింది శాసనం.

ఆ పైన సరుకుల పట్టీ. ఈ పట్టీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకచెక్కలు. వంశావళి రాసిన కవి వేరు, ఈ పట్టీ రాయించిన కరణం వేరు అని చదువుతుంటేనే తెలుస్తుంది. కవికి సూర్యుడు కావాలి. కరణానికి జవ్వాది మీద ఎంతో కావాలి. రాజ్యాన్ని ఎక్కువకాలం నిలబెట్టేది రెండోవాడే అని నా అనుమానం.

ఆ పట్టీలో మిరియాలున్నాయి, మిరపకాయ లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. ఈవేళ గుంటూరు మిర్చియార్డు ఘాటుకి తుమ్మకుండా ఎవరూ బయటపడలేరు గానీ, 1244లో ఈ మైదానంలో ఒక్క మిరపమొక్క లేదు. అది అమెరికా ఖండంలో పుట్టి, అట్లాంటిక్ దాటి, పోర్చుగీసు ఓడల్లో మనదాకా వచ్చింది. మిరియం పేరులోంచే దానికీ పేరు పెట్టుకున్నాం. పత్తి మాత్రం అప్పటికే మనదే. ఈ రేవును 'ముట్ఫిలి' పేరుతో రాసుకున్న వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఇక్కడి సన్నబట్ట సాలెగూడులా ఉంటుందన్నాడు. వజ్రాల లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా పైకి తెస్తాయన్న కథ కూడా ఆయన ఈ రాజ్యం గురించే చెప్పాడు. ఏలుతున్నది రాణి అని, చాలా న్యాయంగా ఏలుతోందని మెచ్చుకున్నాడు. రుద్రమదేవిని రాజుగారి భార్య అనుకున్నాడు, ఆమె గణపతిదేవుడి కూతురు. గద్దల కథ నమ్మినవాడికి చుట్టరికాలు తప్పడం పెద్ద విషయమా!

*

పగిలిన ఓడల మాటొచ్చింది గనక మా మేనకోడలి సంగతి చెప్పాలి. యూరప్‌లో ఉద్యోగం చేస్తోంది. స్పెయిన్ వాయవ్య మూలన గలీసియా అనే సీమలో శాంతియాగో అనే పుణ్యక్షేత్రానికి కాలినడక యాత్ర చేసి, అక్కడితో ఆగక సముద్రం దాకా పోయింది. శాంతియాగో నుంచి ఫినిస్తెర్రె కొన దాదాపు 90 కిలోమీటర్లు. పక్కనే ముషీయ అనే చేపల ఊరు. అక్కణ్ణించి ఫోన్ చేసింది.

"మామయ్యా, మన కార్తీకం లాగే ఉంది. అందరూ నడిచి నడిచి సముద్రం దగ్గరికొచ్చి నిలబడిపోతున్నారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం మమ్మల్ని పట్టించుకోకుండా వలలు బాగుచేసుకుంటున్నారు."

ఒడ్డున మేరీమాత గుడి. ఆ తల్లి రాతి పడవలో వచ్చిందని, ఆ బండలే ఆ పడవ ముక్కలని నమ్మకం. ఒక బండ కిందనుంచి తొమ్మిదిసార్లు దూరితే నడుంనొప్పి పోతుందట. దూరావా అని అడిగాను. దూరిందట, నొప్పి పోలేదట. 2013 క్రిస్మస్ నాడు ఆ గుడి పిడుగుపడి తగలబడింది, మళ్ళీ కట్టుకున్నారు.

ఆ తీరానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకు తెలుగు చేస్తే మృత్యుతీరం. పగిలిన ఓడలకి లెక్కలేదు. 1890 నవంబరు 10 రాత్రి సర్పెంట్ అనే బ్రిటిష్ యుద్ధనౌక కమరిన్యాస్ దగ్గర బండలకి కొట్టుకుంది. ఉన్నది దాదాపు 175 మంది, మిగిలింది ముగ్గురు. పక్క పల్లెలవాళ్ళు శవాలని ఏరి తెచ్చి, సముద్రానికి ఎదురుగానే పూడ్చి గోడ కట్టారు. బ్రిటిష్ నౌకాదళం కృతజ్ఞతగా అక్కడి చర్చి ఫాదరుకు ఒక తుపాకి, మేయరుకు బంగారు గడియారం, ఊరికి గాలివాన రాకను చెప్పే బారోమీటరు పంపింది. ఫాదరుకు తుపాకి ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. బారోమీటరు మాత్రం అర్థమైంది.

అదే యూరప్‌లో మధ్యయుగాల్లో ఒడ్డున పడిన సొమ్ము తీరాన్ని ఏలే ప్రభువుదే. ఇంగ్లండులో 1275లో ఒక చట్టం వచ్చింది. ఓడలోంచి ఒక మనిషి గానీ, ఒక కుక్క గానీ, ఒక పిల్లి గానీ ప్రాణంతో బయటపడితే ఆ ఓడను దిక్కులేని సొమ్ముగా లెక్కకట్టకూడదు. పిల్లి బతికితే సొంతదారుకి హక్కు మిగులుతుంది! మోటుపల్లి రాయి అంతకు 30 ఏళ్ళ ముందుది. అందులో పిల్లి షరతు లేదు, ఎవరో ఒకరు బతికి ఉండాలన్న షరతూ లేదు. మనమే ముందు అని జబ్బ చరుచుకోడానికి ఈ మాట చెప్పడం లేదు. అక్కడా ఇక్కడా లాక్కోవడమే ఆచారం. మానుకోవడానికే ఎవరో ఒకరు రాయించాల్సి వచ్చింది.

*

రాయి ఎన్నాళ్ళు పనిచేసింది? 1323లో ఓరుగల్లు పడిపోయింది. అభయమిచ్చిన వంశమే పోయాక అభయం ఎవరిస్తారు? అద్దంకిలో మొదలై కొండవీటికి మారిన రెడ్డిరాజులు ఇచ్చారు. 1358లో అనపోతారెడ్డి ఇదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. ఈసారి సంస్కృతం, తెలుగు, తమిళం. వచ్చేవాళ్ళు చదువుకోవాలి గదా. ఇక్కడ కాపురముండటానికి వచ్చినవాళ్ళకి నేల ఇస్తాం, పోతామంటే అడ్డం పెట్టం, సరుకు ఎవరికైనా అమ్ముకోవచ్చు. కొడుకులు లేనివాడు చనిపోతే ఆస్తి రాజు కలుపుకునే ఆచారం కూడా ఎత్తేశాం. ఈ చివరిది చిన్న మాట కాదు. పరదేశంలో చచ్చిపోతే నా సొమ్ము ఏమవుతుంది అన్నది ఓడెక్కే ప్రతివాడి గుబులు.

ఈ రాజ్యపు సంపదకు తరవాతి సాక్షి శ్రీనాథుడు. హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్యసెట్టి ఓడవర్తకుడు. కొండవీటి వసంతోత్సవాలకి కర్పూరం, కస్తూరి, పన్నీరు అందించిన ఇల్లు అది. ఆ సరుకు దిగేది ఈ తీరంలోనే.

ఆ పైన రేవు చచ్చిపోయింది. ఒక్కరోజున కాదు. రాజ్యాలు మారాయి, తెల్లవాళ్ళ ఓడలు మచిలీపట్నం పట్టుకున్నాయి. ఇప్పుడు ఆ వైభవంలో మిగిలినవి ఇసకలో దొరికిన చీనా పింగాణి పెంకులు, రెండు గుళ్ళు, రాతి మీద అక్షరాలు. వర్తకులు వెళ్ళిపోయారు, రాజులు వెళ్ళిపోయారు. పోకుండా ఉన్నది పాలెం ఒక్కటే.

*

ఆ సాయంత్రం ఒడ్డున ఒక పెద్దాయన వల కుట్టుకుంటున్నాడు. కాలిబొటనవేలికి వల బిగించి, చేతిలో సూది. పక్కనే ఫైబర్ బోటు బోర్లించి ఉంది. ఆయన వయసులో వాళ్ళు కర్ర తెప్ప మీద పోయినవాళ్ళే.

"77 గాలివానకి మీరు ఎంతుంటారు బాబాయ్?"

"పదిహేనో పదారో. బాగా ఎరుకే అబ్బాయా." సూది ఆగలేదు. "మా కాడ నీళ్ళు రాలా. గాలే. గాలి ఇంటెనకమాల నించి కొట్టింది. ఇంటి కప్పు లేసిపోయి సముద్రంలో పడింది. తెల్లారి సూస్తే సముద్రం ఎనక్కి పోయుంది. మేం బతికిపోయాం అనుకున్నాం. రెండ్రోజులకి తెలిసింది, ఆ నీళ్ళు యాడికి పోయినయ్యో."

ఆయన చెప్పినదాంట్లో శాస్త్రం తప్పు లేదు. 1977 నవంబరు 19, శనివారం. తుపాను కన్ను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన మింగింది మాత్రం కృష్ణకు అవతలి దివిసీమను. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అందువల్ల కన్నుకి కుడివైపున గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపున నేల నుంచి సముద్రంలోకి తోస్తుంది. మోటుపల్లి ఎడమవైపు. దివి కుడివైపు. అధికారులు కట్టిన లెక్కే దాదాపు 10,000 మంది. చీరాల పేరు తుపాను పటంలో మిగిలింది, దివిసీమ పేరు జనం గుండెల్లో మిగిలింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ కూడా బాపట్ల దగ్గరే దాటింది. అప్పుడు జనం చాలామటుకు బతికారు. పైర్లు పోయాయి. రేగడిలో నీళ్ళు నిలిచి మిరప వేరు కుళ్ళింది, విచ్చిన పత్తి కాయలోనే నల్లబడింది. మా ఊళ్ళో రైతులకి సముద్రం పౌర్ణమి స్నానానికే కాక తుపానుకి కూడా గుర్తొస్తోంది ఈమధ్య.

"బాబాయ్, ఎవరిదో పడవ తాడు తెగి మీ ఒడ్డుకి కొట్టుకొస్తే ఏం చేస్తారు?"

"ఏం జేస్తాం? ఫలానా పాలెం పడవ అని రంగు సూస్తేనే తెలుస్తది. కబురెడతాం. వాళ్ళొచ్చి తీసకపోతారు. వల గూడా ముట్టకోం."

"ముట్టుకుంటే?"

"కాపులు దురాయి ఏస్తారు." కాపులంటే ఇక్కడ పాలెం పెద్దలు, దురాయి అంటే వాళ్ళ కట్టుబాటు. కోర్టు కన్నా తొందరగా తేలుతుంది, కోర్టు కన్నా గట్టిగా నిలుస్తుంది. "రేపు మన పడవ వాళ్ళ ఒడ్డుకి పోదా ఏంది?"

గణపతిదేవుడు కవిని, కరణాన్ని, రాతిపనివాణ్ణి పెట్టి చెప్పించిన సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. అయితే ఈ కట్టుబాటు పాలెం నుంచి పాలేనికే. దేశానికీ దేశానికీ మధ్య అలా లేదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు నీటిమీద గీత దాటారని పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు. వాళ్ళలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు నడిచి వచ్చారు. ఏడాదికి పైగా జైలు. నీటిమీద గీత ఎక్కడుందో గాలికి తెలీదు గదా.

పొద్దు గుంకింది. అటుపక్క చంద్రుడు సముద్రంలోంచి లేస్తున్నాడు, పౌర్ణమి. ఆటో అబ్బాయి హారన్ కొట్టాడు. లేవబోతూ, గుళ్ళో రాయి మీద ఏముందో పెద్దాయనకి చెప్పాను. చిన్నప్పటినుంచీ ఆ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడట. ఏదో దేవుడి మంత్రం అనుకున్నాడట. పగిలిన ఓడల సంగతి విని తలూపాడు, అదేం గొప్ప అన్నట్టు. ముప్పయ్యింట ఒకటే సుంకం అన్నప్పుడు మాత్రం సూది ఆగింది.

"ముప్పయ్యింట ఒకటేనా?"

"అంతే బాబాయ్."

వల పక్కన పెట్టి ఒకసారి గుడి ఉన్న వైపు చూశాడు.

"మా చేపల యాపారి పదింట ఒకటి కోస్తాడు అబ్బాయా. ఆ రాజుగారే నయం."